మన ఊరికి వస్తే ఏం చూడాలి?

స్వర్ణోత్సవానికి వస్తున్న మిత్రులు చాలామంది, "పిల్లలకు కె.జి.ఎఫ్.లో ఏం చూపించాలి?" అని అడుగుతున్నారు. ఈ నాలుగు మాటలు వారికోసమే.

బంగారుపేటలో రైలు మారి మారికుప్పం వైపు వస్తుంటే ముందుగా కనిపించేవి సైనైడ్ దిబ్బలు. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి అది. దూరం నుంచే చూపించండి. గాలి రోజుల్లో ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు.

1802లో జాన్ వారెన్ ఇక్కడికి వచ్చేనాటికే పల్లెవాసులు మట్టి కడిగి బంగారు రేణువులు తీసేవారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రాకతో గనులు పెద్ద ఎత్తున సాగాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 1965లో ఆ లోతుల్లోనే శాస్త్రజ్ఞులు న్యూట్రినోల జాడ పట్టారు. ఈ సంగతి సైన్సు చదివే పిల్లలకు తప్పక చెప్పండి.

దొరల బంగళాలు, క్లబ్బు, చర్చి చూడండి. బేతమంగలం చెరువుకు వెళ్లండి; గనుల ఊరి దాహం తీర్చింది ఆ నీళ్లే. కమ్మసంద్రలో కోటిలింగేశ్వరుని దర్శించుకోండి.

అయితే అక్కడితో ఆగకండి. కార్మికుల లైన్లకు కూడా తీసుకెళ్లండి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి కూలికి వచ్చిన మన తాతలు ఆ ఇరుకు గదుల్లోనే సంసారాలు చేశారు. గనిలో రాయి పగిలితే తరగతిలో మన బెంచీలు కదిలేవి గుర్తుందా? అయ్యవారు పాఠం ఆపేవారు. నాన్న షిఫ్టులో ఉన్న పిల్లలు తలుపు వైపే చూసేవారు. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేదాకా అమ్మ పొయ్యి దగ్గర కూర్చునేది కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు లోపలికి దిగి చూపించలేం. బంగళాలకు ఫోటోలున్నాయి, దిగినవారి కథలు మాత్రం ఇంట్లో పెద్దల నోటనే ఉన్నాయి. వారూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వచ్చినప్పుడు మీ నాన్నగారి షాఫ్టు పేరు, చేసిన పని ఒక కాగితం మీద రాసి తీసుకురండి. సంఘం దగ్గర భద్రపరుద్దాం. మన పిల్లలకు చూపించడానికి అంతకన్నా విలువైన బంగారం ఈ ఊళ్లో మిగల్లేదు.