తరగతి గదిలో సాంకేతికత: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత ఉపాధ్యాయ శిక్షణ

కృష్ణా డెల్టాలోని ఈ మూడు పట్టణాలూ 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లావే. ఆ రోజు జిల్లాలు విడిపోగా తెనాలి గుంటూరులో మిగిలింది, బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. కాబట్టి ఇక్కడి టీచర్లు సాంకేతికత నేర్చిన కథ చాలావరకు ఉమ్మడి గుంటూరు జిల్లా కథే.

దేశంలో టీవీ ద్వారా టీచర్లకు శిక్షణ ఇచ్చిన తొలి పెద్ద ప్రయత్నం 1975-76 నాటి ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం. అందులో పాల్గొన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ‘డైట్’ వచ్చింది. గుంటూరు జిల్లాకు అది బోయపాలెంలో ఏర్పడింది.

యంత్రమేదీ లేని మార్పే ఎక్కువ కాలం నిలిచింది. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం టీచర్లు దగ్గర్లోనే కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. ఒకరి పాఠం మరొకరు చూడడం, తోచింది చెప్పుకోవడం అక్కడ అలవాటైంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నేటికీ జరగవలసింది ఇదే. రాష్ట్ర స్థాయిలో కొందరికి నేర్పి, వారి ద్వారా జిల్లాకు, మండలానికి దించే శిక్షణ మాత్రం కాలువ చివరి పొలానికి చేరే నీటిలా పల్చబడుతుంది.

2017 సెప్టెంబరు 5న మొదలైన ‘దీక్షా’ ఆన్‌లైన్ వేదిక ఈ మెట్లను కొంత తగ్గించింది. టీచరు తన ఫోన్‌లోనే కోర్సు చదవగలిగారు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక అదే ప్రధాన దారైంది. ఆ జులై 16న జాతీయ ఉపాధ్యాయ శిక్షణ ‘నిష్ఠ’ ఆన్‌లైన్ రూపంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతో ప్రారంభమైంది.

పరికరాల పరంగా పెద్ద ఘట్టం ఈ నేలమీదే జరిగింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లి ఉన్నత పాఠశాలలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారికి బోధించే 59,176 మంది టీచర్లకూ అవి అందించాలన్నది ప్రణాళిక. మరుసటి ఏడాది తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెరలు వచ్చాయి. తెరపై వేలితో రాయడం ఒక పూటలో వస్తుంది. భిన్నాల పాఠంలో వీడియో ఎక్కడ ఆపి పిల్లల్ని ఏ ప్రశ్న అడగాలో మాత్రం అదే పాఠం చెప్పిన మరో టీచరు పక్కన కూర్చుంటేనే త్వరగా పట్టుబడుతుంది.