మద్రాసు వేధశాల, వాతావరణ పరిశీలన

మద్రాసు నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన ఖగోళ పరిశీలనా కేంద్రం ఇది. దక్షిణాదిన గాలినీ వాననూ పరికరాలతో కొలిచి రోజువారీగా రాసిపెట్టే పద్ధతి ఇక్కడే వేళ్లూనుకుంది. అంతకు ముందు శతాబ్దాల పాటు రైతులు కార్తెలను బట్టి వాన కోసం చూసేవారు, నేల పదునును బట్టి దాన్ని కొలిచేవారు.

కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో ఎగ్మూరులోని తన ఇంట్లో సొంత పరికరాలతో ఖగోళ పరిశీలన ప్రారంభించాడు. తర్వాత కంపెనీ దాన్ని తీసుకోగా, కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ కొత్త భవనానికి నమూనా గీశాడు. ఓడలు నడవడానికీ, భూములు కొలవడానికీ రేఖాంశాలు కావాలి. కంపెనీ అసలు అవసరం అది. దుర్భిణి కదలకుండా నిలబెట్టడానికి 15 అడుగుల నల్లరాతి స్తంభం ఎత్తించారు. దాని మీది శాసనం తెలుగు, తమిళ లిపుల్లో కూడా ఉంది.

నక్షత్రం వెలుగు గాలిలో ఎంత వంగిందో లెక్కకట్టాలంటే వేడీ, గాలి పీడనమూ తెలియాలి. అలా ఉష్ణమాపకం, భారమితి ఖగోళానికి తోడుగా వచ్చాయి. 1796లో జాన్ గోల్డింగ్‌హామ్ హయాంలో మొదలైన వాతావరణ నమోదులు మెల్లగా సొంత విలువ సంపాదించుకున్నాయి.

తర్వాతి వేధశాలాధిపతి టి.జి. టేలర్ దగ్గర పని నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో తన ఖర్చుతో వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని శ్రద్ధగా పెంచి, వాతావరణ పరిశీలనలూ సాగించాడు. తెలుగు నేల మీద ఇది ఎన్నదగిన కృషి.

దేశంలోని ఇలాంటి కేంద్రాలన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది విపత్తులే. 1864 అక్టోబరులో తుపాను కలకత్తాను ముంచింది. నవంబరు 1న బందరు మీద ఉప్పెన విరుచుకుపడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1866, 1871లలో వానలు ముఖం చాటేశాయి. అప్పటిదాకా ఏ ప్రాంతం కొలత దానిదే. ఒకచోటి అంకెను మరొకచోటి అంకెతో పోల్చడం కష్టం. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ పరికరాలనూ పరిశీలించే వేళలనూ ఒక పద్ధతికి తేవడానికి పూనుకున్నాడు.

కేంద్రాల్లో అన్నిటికన్నా చిన్నది వానమాపక కేంద్రం. అయిదంగుళాల మూతి ఉన్న గరాటును, అంచు నేలకు అడుగు ఎత్తున ఉండేలా పాతేవారు. పక్కన చెట్టు గానీ గోడ గానీ ఉండకూడదు. పొద్దున్నే గరాటు కింది సీసాలో చేరిన నీటిని గీతలున్న గాజు గొట్టంలో పోసి, కంటిని నీటిమట్టానికి సమంగా పెట్టి చదివేవారు. అప్పట్లో అంగుళంలో నూరోవంతును ఒక సెంటు అనేవారు. వాన పడని రోజూ చిట్టాలో సున్నా వేయాల్సిందే.

మద్రాసులో ఈ లెక్కలు చూసినవారిలో ఐసిస్ పాగ్సన్ ముఖ్యురాలు. వేధశాలాధిపతి నార్మన్ పాగ్సన్ కుమార్తె అయిన ఆమె 1873లో సహాయకురాలిగా చేరి, 1881లో మద్రాసు ప్రభుత్వ వాతావరణ పర్యవేక్షకురాలైంది.

1899లో ఖగోళ పరిశోధన కొడైకెనాల్‌కు తరలింది. వాతావరణ విభాగం నుంగంబాకంలోనే ఉండిపోయింది. ఇప్పటి ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో టాపింగ్ నాటి రాతి స్తంభాన్ని చూడవచ్చు.