ఫుల్లర్టన్ కండెన్సర్లు

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున 1938లో రేడియో మరమ్మతుల దుకాణము తెరచిన లియో ఫెండర్, తరువాత గిటారు ఆంప్లిఫయర్ల నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు, వాని ఫిల్టరు కండెన్సర్లను నాదమాధుర్యమును తరచి ఎన్నుకొనలేదు. రేడియోవారికి అంగడిలో చవుకగా దొరకునవే ఆయనకును దొరికినవి. 1925లో శామ్యూల్ రూబెన్ పొడి ఎలెక్ట్రోలిటిక్ కండెన్సరును కనిపెట్టిన పిదప, ఇటుకలవంటి కాగితపు కండెన్సర్ల బరువు తొలగి, 8, 16, 32 మైక్రోఫారడ్ల గొట్టములు రేడియోలలో కాపురము పెట్టినవి. నేడు కొందరు మంత్రాక్షరమువలె జపించు 16 అను అంకె పుట్టినిల్లు ఇదియే.

అమెరికా విద్యుత్తు సెకనునకు 60 ఆవృత్తులది గనుక, దానిని ఏకముఖము చేయు రెక్టిఫయరు వాల్వునుండి సెకనునకు 120 పర్యాయములు అలలు అలలుగా వెడలు ప్రవాహమును కండెన్సరు తొట్టివలె పట్టి, వెలితి పడినప్పుడు విడుచుచుండును. తొట్టి పెద్దదైనకొలది హమ్ అను మూలుగు తగ్గును గదా, నూఱు మైక్రోఫారడ్లు ఏల పెట్టరాదు? తొట్టి ఎంత పెద్దదో, దానిని నింపు గ్రుక్క అంత పొట్టిదై, అంత ఉధృతమై వాల్వు కాథోడు పూతను తినివేయును. అందుచేతనే ముల్లార్డు వారు తమ జీజెడ్34 రెక్టిఫయరు వాల్వునకు 60 మైక్రోఫారడ్లు మించరాదని పత్రములో ముద్రించిరి. ఈ హద్దు వాల్వునకు ఆనుకొనియున్న మొదటి కండెన్సరునకే. రెసిస్టరు చాటునో చోకు చాటునో ఉన్నవానికి ఇంత నిర్బంధము లేదు. అనుభవజ్ఞులును తరచుగా మఱచునది ఈ ముక్కయే.

ఫెండర్ కట్టిన 5ఈ3 డీలక్సు ఆంప్లిఫయరును చూడుడు. 5వై3 రెక్టిఫయరు వాల్వు, దాని వెనుక మూడు 16 మైక్రోఫారడ్ల కండెన్సర్లు. వాద్యకారుడు తంత్రులన్నిటిని ఒక్కుమ్మడిగా మీటినంతనే ప్రవాహము పెరిగి, నిండు బరువున 50, 60 వోల్టులను తానే మ్రింగు ఆ వాల్వు నీరసింపగా, చిన్న తొట్టి ఆదుకొనజాలక, నాదము ఒక్క క్షణము క్రుంగి మెల్లగా ఉబ్బివచ్చును. ఇంజనీరునకు దోషము, గిటారువానికి ప్రాణము. దీనినే వారు ‘శాగ్’ అందురు. ఫెండరుదే అయిన 5ఎఫ్6-ఎ బాస్‌మన్‌లోనో, 17 వోల్టుల ప్రాంతము మాత్రమే మ్రింగు జీజెడ్34 ఉండెను; మొదటి మెట్టున రెండు 20లు జతకూడి 40 అయినవి. బాసువారికై పుట్టిన ఈ యంత్రమును గిటారువారు ఎగురవేసికొనిపోయిరి. 1962లో లండనులోని హాన్వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణమువారు దీనినే ఒరవడిగా పెట్టుకొని తమ జేటీఎమ్45 ఆంప్లిఫయరును కట్టిరి.

నేడు పాత డీలక్సు మూత విప్పినవానికి, మైనము పట్టిన అట్టగొట్టముల కొనలనుండి ఊరి గట్టిపడిన తెల్లని ఉప్పు కనబడును. 16 దొరకక 22 పెట్టినచో అపరాధము కాదు. ఆనాటి గొట్టముల అసలు విలువలే ముద్రించిన అంకెకు ఎంతో హెచ్చుతగ్గులుగా ఉండెడివి. హమ్‌పై కక్షగట్టి మొదటి మెట్టున 100 బిగించినవానికి మాత్రము కొంతకాలము నిశ్శబ్దము దక్కును. పిమ్మట ఏదో ఒక సాయంకాలము స్విచ్చి వేయగనే 5వై3లో నీలి మెఱుపొకటి మెఱసి, ఫ్యూజు ఎగిరిపోవును.