ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లీషు ప్రగతి మూల్యాంకనం: ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనులకని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ప్రభుత్వ వ్యవహారాల్లో బెంగాలీ వినే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు తరచు నాలుగో భాష. వారి ఇంగ్లీషును కొలిచిన పద్ధతులేవీ వారిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవి కావు.

తొలి కొలత ఇన్‌స్పెక్టరు తనిఖీ. పిల్లల ఫలితాలను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఇంగ్లండులో 1862లో మొదలైంది. ప్రాథమిక బడుల సాయానికి దాన్నే పాటించాలని భారతదేశంలో విద్యపై వేసిన 1882 నాటి హంటర్ కమిషన్ సిఫారసు చేసింది. చదవడం నిజంగా రాకుండానే పిల్లల్ని ఈ పరీక్ష దాటించవచ్చని ఇంగ్లండులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లోనే ఆక్షేపించాడు. చూచిరాత, ఉక్తలేఖనం, పాఠం అప్పజెప్పడం మాత్రం మన బడుల్లో చాలాకాలం నిలిచాయి.

అసలు మలుపు వామపక్ష ప్రభుత్వ కాలంలో వచ్చింది. 1980ల తొలినాళ్లలో రాష్ట్రం ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషును తీసేసింది. దాంతోపాటే పాస్-ఫెయిల్ కూడా పోయింది. మాతృభాషలోనే చదువు మొదలవ్వాలన్న వాదనలో బలముంది. కానీ మాతృభాష అంటే బెంగాలీ అనుకున్న రాష్ట్రంలో తెలుగువాళ్ల సంగతి వేరు. ఇంగ్లీషు మీడియం బడులకు ఈ నిర్ణయం వర్తించలేదు గనుక, ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలకు ఇంగ్లీషు పరీక్షలు యథాతథంగా సాగాయి. ఇంగ్లీషు తీసేయడాన్ని వ్యతిరేకించినవాళ్లు 1992 నుంచి నాలుగో తరగతి పిల్లలకు సొంతంగా స్కాలర్‌షిప్ పరీక్ష నడిపారు. ఈ విషయంపై వేసిన 1998 నాటి పవిత్ర సర్కార్ కమిటీ తర్వాత మూడో తరగతి నుంచి, 2004లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు తిరిగొచ్చింది.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తప్పనిసరి చేసింది. బెంగాల్ దానికి ‘నెమలి నమూనా’ అని పేరుపెట్టింది. పాల్గొనడం, ప్రశ్నించడం, అన్వయించడం, సహకారం, సృజన అనే ఐదు సూచికలను టీచరు ఏడాది పొడవునా గమనించాలి. వాటికి తోడు మూడు సంగ్రహణాత్మక పరీక్షలు. ఆలోచన మంచిదే. అయితే కిక్కిరిసిన తరగతిలో ఆ గమనింపు రిజిస్టరు నింపడంగా మిగిలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

గ్రామీణ పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే ఇంగ్లీషు పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు, ఒక్క కాగితం చాలు. పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు వరుసగా ఉంటాయి. పరీక్షకుడు ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి చదివిస్తాడు. చదవగలిగిన మాటకూ వాక్యానికీ అర్థం అడుగుతాడు, జవాబు సొంత భాషలో చెప్పవచ్చు. తెలుగు పిల్ల తెలుగులోనే చెబుతుంది; బెంగాలీ రాకపోవడం ఇంగ్లీషు రాకపోవడంగా లెక్కకు రాదు. ఖరగ్‌పూర్ లాంటి చోటికి సరిపడే పద్ధతి ఇదే. 2022లో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో తేలిక వాక్యాలు చదవగలిగినవాళ్లు నాలుగోవంతుకు కాస్త తక్కువ. పట్టణాలను ఈ సర్వే కొలవదు కాబట్టి ఈ లెక్క ఖరగ్‌పూర్‌కు వర్తించదు.

ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచే టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షను తెచ్చింది. ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మూల్యాంకనం సంగతికొస్తే, 2024 డిసెంబరులో ప్రాథమిక తరగతులకు సెమిస్టరు పద్ధతి తెస్తామని ప్రాథమిక విద్యా మండలి ప్రకటించగా, కొద్దిరోజులకే ముఖ్యమంత్రి మమతా బెనర్జీ దాన్ని తోసిపుచ్చడంతో పాత పద్ధతే నిలిచింది.