కుప్పం నేల కింద ఎంత లోతు?
తిరుమల ఘాట్ రోడ్డులో కొండను కోసిన ఒకచోట పాత గ్రానైటు, దాని మీద పేరుకున్న నగరి క్వార్ట్జైటు కలిసే గీత కంటికే కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య తేడా కొన్ని పదుల కోట్ల ఏళ్లు. కానీ గ్రానైటు కింద ఏముందో, భూపటలం ఎక్కడ ముగుస్తుందో ఆ గీత చెప్పలేదు. గట్టి భూకంపాలు అరుదైన నేల కనుక, వాటి కోసం కాచుకుని కూర్చుంటే ఆ సంగతి తేలడానికి తరాలు పట్టేది. చిత్తూరు సీమ లోతు తెలిసిందంటే అది ప్రధానంగా మనిషి పెట్టిన మందుగుండు చలవే.

పేల్చి, అలల వేగాన్ని కొలిచి లోతు తేల్చే ఈ పద్ధతి పాతదే. 1849లో ఐర్లండ్‌లోని కిల్లినీ తీరాన రాబర్ట్ మాలెట్ ఇసుకలో తుపాకిమందు పాతి పేల్చి, ఆ కుదుపు ఎంత వేగంగా పాకుతుందో కొలిచాడు. తర్వాత వేల్స్‌లోని హోలీహెడ్ రేవు కోసం రాయి కొట్టే క్వారీ పేలుళ్లనే వాడుకున్నాడు. పాదరసం మీద వణుకును కంటితో చూసి కట్టిన లెక్క కాబట్టి వేగం అసలుకంటే బాగా తక్కువ వచ్చింది. మన పొరుగున కోలారులో ఆ పని వేరే దారిన జరిగింది. బంగారు గనుల లోతుల్లో ఒత్తిడికి రాయి పగిలి పేలినప్పుడల్లా, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని గౌరిబిదనూరు భూకంప పరిశీలన కేంద్రంలోని పరికరాలు పట్టుకునేవి. ఆ కేంద్రాన్ని 1965లో నెలకొల్పింది దూరదేశాల అణుపరీక్షలను వినడానికి. పక్కింటి గని ఉలిక్కిపాటు కూడా దాని చెవిన పడింది! 1971లో అచ్చయిన లెక్క ఆ ప్రాంతపు పటలం మందాన్ని సుమారు 35 కిలోమీటర్లుగా తేల్చింది.

మరి జిల్లా నిండా క్వారీలుండగా శాస్త్రవేత్తలు సొంతంగా బోర్లు వేసి పేల్చడమెందుకని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ కుప్పం వైపు పలకరాయి తీసేచోట పెద్ద పేలుడు పనికిరాదు, దిమ్మె బీటలిస్తే ధర పోతుంది. కంకర క్వారీలో మందు దండిగానే పెడతారు గానీ, అదురు తగ్గడానికి కన్నాలను మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని వెంట ఒకటి పేలుస్తారు. దాంతో అల మొదలు చెదిరిపోతుంది. పైగా ఎన్నింటికి పేల్చారన్నది కచ్చితంగా రాసి పెట్టరు. గట్టి రాతిలో అల సెకనుకు ఆరు కిలోమీటర్లు పోతుంది; గడియారం ఒక్క సెకను తప్పితే దూరపు లెక్క అంత మేరా తప్పుతుంది. కోలారులో సరైన సమయం తెలియకపోయినా పని సాగింది కదా అంటే, అక్కడ పగిలిన చోటు తెలుసు. వరుసగా పాతిన పరికరాలకు అల ఎంత తేడాతో చేరిందో చూస్తే వేగం వస్తుంది.

అందుకే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సొంత పేలుళ్లనే నమ్ముకుంది. 1970లలో సోవియట్ సహకారంతో కావలి నుంచి ఉడుపి దాకా, కడప హరివాణం మీదుగా, దాదాపు 600 కిలోమీటర్ల గీత వెంట లోతును చూసింది. అది చిత్తూరుకు ఉత్తరంగా పోయింది. తర్వాతి గీత కుప్పంలోనే మొదలై తమిళనాడులోని పళని దాకా సాగింది. ఫలితాలు 2003లో భారత భూవిజ్ఞాన సంఘం గ్రంథంగా వచ్చాయి. ఆ గీత వెంట పటలం నలభై కిలోమీటర్లు దాటింది, నడుమ అలల వేగం తగ్గే పొర కూడా కనబడింది. లోతుకు పోయేకొద్దీ వేగం పెరుగుతుందనుకుంటాం. ఇక్కడ ఆ వరుస తప్పింది. అలాంటి పొర బోరు రిగ్గుకు అందేది కాదు.