చైనా పతకములు – అంచుపై నిలిచిన పేర్లు

పాతనాణెములవలెనే పాత సేవాపతకములను సేకరించువారు లోకమున ననేకులు కలరు. వారు విశేషముగ నాదరించు వస్తువులలో షాంఘై అంతర్జాతీయపేట పతకములు కొన్ని. చైనాదేశమున విదేశీయులు నెలకొల్పుకొన్న ఆ పేటకు ప్రత్యేకమైన పురపాలకసభయు, పోలీసుబలమును, స్వచ్ఛందసైన్యమును ఉండెను. పోలీసులలో సిక్కుల శాఖ యొకటి. 1937లో జపాను, చైనా సేనలు నగరమున పోరాడినపుడు పనిచేసినవారికి ఆ సభ ఎనిమిది మొనల కంచుపతకము నిచ్చినది. 1943లో ఆ పేట యంతరించెను. ఇచ్చిన ప్రభుత్వము పోయినది, పతకములు మిగిలినవి.

సాత్తూరునందలి తెలుగువారి కీ షాంఘై ముచ్చట యేల యని చదువరు లడుగవచ్చును. ఆ పేట పుట్టుటకు మూలమైన యుద్ధమున మదరాసు సిపాయిలు పాల్గొనిరి గనుక చెప్పవలసివచ్చినది. తెలుగువారు, తమిళులు, మహమ్మదీయులు ఒకే పటాలమున సేవచేసిన సైన్యమది. ఉత్తరదేశమున సిపాయికి “తిలంగా” యను పేరు కలుగుటకు కారణము మన తెలుగుజాతియే. విజయనగర, మధుర నాయకరాజుల కాలమున మన పెద్దలలో ననేకులు కత్తి చేతబూని యీ దక్షిణసీమకు వచ్చిరని ప్రతి యింట చెప్పుకొందుము. కుంపిణీ కాలమున తుపాకి పట్టి ఓడ యెక్కినవారిని మాత్రము మరచితిమి.

1840 మొదలు 1842 వరకు జరిగిన ఆ యుద్ధమునకు 2, 6, 14, 37, 41 సంఖ్యల మదరాసు పదాతిపటాలములును, మదరాసు సాపర్లును వెళ్లిరి. 1841 మే 30న కాంటను నగరసమీపమున శాన్‌యువాన్‌లీ గ్రామప్రాంతమున 37వ పటాలపు దళ మొకటి కుంభవృష్టిలో దారి తప్పెను. సుమారు అరువదిమంది సిపాయిలు. చెకుముకి తుపాకులు తడిసి ప్రేలలేదు. వేలకొలది గ్రామస్థులు చుట్టుముట్టగా వారు చతురస్రముగ నిలిచి, తుపాకికొనలనున్న బాకులతోనే ఆత్మరక్షణ చేసికొనిరి. వానకు చెడని కొత్తరకపు తుపాకులు గల నౌకాసైనికులు వచ్చి వారిని విడిపించిరి. ఆ పటాలమునకు తరువాత “గ్రెనేడియర్లు” అను గౌరవనామము లభించెను. 1842 జూన్ 19న షాంఘై ఆంగ్లేయుల వశమయ్యెను. జూలై 21న చింకియాంగువద్ద జరిగిన పోరున 2, 6, 41 పటాలములు పాల్గొనినవి. ఆగస్టు 29న నాన్‌కింగు సంధి జరిగి, షాంఘైతో కూడ అయిదు రేవులు విదేశవర్తకమునకు తెరువబడెను.

ఈ యుద్ధమున కిచ్చిన పతకము వెండిది. ఒకవైపున విక్టోరియారాణి శిరస్సు. రెండవవైపున తాళవృక్షము క్రింద ఆయుధములు, డాలు, అడుగున “చైనా 1842” అను అక్షరములు. సింహము సర్పాకృతిగల చైనా డ్రాగనును త్రొక్కుచున్నట్లు మొదట చిత్రించిరట. అది చైనీయుల కవమానకరమని మానుకొనిరి. నాడా ఎరుపు, అంచులు పసుపు.

1900లో బాక్సర్ల తిరుగుబాటు సమయమున మరల మదరాసు దళములు చైనాకు వెళ్లినవి. వానిలో మనకు దక్షిణముననున్న పాళయంకోట పేరు ధరించిన 3వ మదరాసు లైట్ ఇన్‌ఫెంట్రీ యొకటి. ఆ యుద్ధపతకము సైనికులకు వెండితోను, బండ్లు తోలినవారు, డోలీలు మోసినవారు మున్నగు అనుచరులకు కంచుతోను ఇచ్చిరి. కనుక కంచుది దొరికినచో నకిలీ యని పారవేయరాదు.

ఆ పటాలముల గతి విచిత్రమైనది. 37వది 1903 నాటికే లేకపోయెను. 2వది 62వ పంజాబీలుగను, 6వది 66వ పంజాబీలుగను మారి, 1922లో రెండును ఒకటవ పంజాబు రెజిమెంటున చేరినవి. ఆ రెజిమెంటు 1947లో పాకిస్తాను వంతునకు పోయెను. దక్షిణాదివారు చైనాలో సంపాదించిన కీర్తి యిట్లు మన కెరుగని పటాలపు సొత్తయినది.

ఇది గర్వింపదగిన యుద్ధమా? కాదనియే మా యభిప్రాయము. అందు నల్లమందు వర్తకుల లాభము కలదు. శాన్‌యువాన్‌లీ గ్రామస్థులను చైనీయులు దేశరక్షకులుగ నేటికిని స్మరింతురు, అది న్యాయమే. వానలో నిలిచిన సిపాయి ఆ యుద్ధమును కోరలేదు. జీతమునకై పోయి, ఆజ్ఞకు లోబడి నిలిచెను. యుద్ధమును మెచ్చక మనుష్యుని జ్ఞాపకముంచుకొనుట సాధ్యమే.

ఆ జ్ఞాపకమునకు పతకపు అంచే ఆధారము. షాంఘై వారి 1937 నాటి పతకముపై సాధారణముగ పేరుండదు. చైనాయుద్ధ పతకముల అంచున హోదా, పేరు, పటాలము ఇంగ్లీషు అక్షరములలో ముద్రింపబడును. సామాన్య సిపాయి పేరు ఏ చరిత్రగ్రంథమునను లేదు. ఆ యంచుననే యున్నది. ఏండ్ల తరబడి కచేరీలో రిజిష్టరులు వ్రాసిన మాకు ఒక పేరు కొట్టివేయబడుట యెంత సులభమో తెలియును. అందుచే కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

పాతవెండి యని పతకమును కంసాలి మూసలో వేయింపకుడు. దానితో చేసిన మెట్టెలు పేరు చెప్పవు. చింతపండుతో తోమి అక్షరము లరుగదీయకుడు. పేరును ఉన్నది ఉన్నట్లు, ఇంగ్లీషు వ్రాత వంకరగ నున్నను దిద్దక, ఒక కాగితముపై వ్రాసికొనుడు. “నాయక్” అని యున్నంతమాత్రమున మన నాయకకులమువాడని నిశ్చయింపరాదు. అది హవల్దారుకు క్రింది హోదా కావచ్చును. కొనువారు అంచు అరుగదీసి వేరొక పేరు కొట్టిరేమో చూడవలెను. పతకములు పొందినవారి పట్టీలు లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో కుంపిణీ, ఇండియా కచేరీల దస్తరములలో కలవు, సరిచూచుకొనవచ్చును.

తెలుగు మాటలాడుచు తమిళము చదువుకొన్న మన పిల్లలు ఆ యింగ్లీషు అక్షరములను మనకంటె సులభముగ చదువగలరు. పెట్టె తెరచి పతకము వారి చేతికిచ్చి, అంచునున్న పేరు పైకి చదివింపుడు. ఆ పేరు పలికి ఎన్ని తరములైనదో!