తీగ దాటిపోయిన గూడేల్లో సౌరదీపం

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ నదే కిందికి వచ్చి సీలేరు అవుతుంది. తర్వాత ఎగువ సీలేరు, దిగువ సీలేరు కేంద్రాలు వచ్చాయి. జలాశయాల కింద ఆదివాసుల ఊళ్లు, భూములు మునిగాయి. అక్కడ పుట్టిన కరెంటు టవర్ల మీదుగా మైదానానికి దిగింది. ఏజెన్సీలో ఎన్నో గూడేలు మాత్రం దశాబ్దాల పాటు చీకట్లోనే ఉండిపోయాయి. మన ప్రాంతంలో సోలార్ దీపం చరిత్ర చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అంతకు ముందు మనకు వెలుగే లేదని కాదు. నెగడు, ఇప్పగింజల నూనె దీపం మన పెద్దల వెలుగు. తర్వాత కిరోసిన్ బుడ్డి వచ్చింది. దానితో పాటు పొగ వచ్చింది, సంతకూ డిపోకూ నడక వచ్చింది. అడవి ఇచ్చిన వెలుగు డబ్బు పెట్టి కొనే సరుకైంది.

తీగ ఎందుకు రాలేదు? కొండ మీద పది ఇళ్ల కోసం అడవిలో మైళ్ల కొద్దీ స్తంభాలు వేయడం ఖర్చు అన్నారు. అటవీ అనుమతులు లేవన్నారు. లెక్క వేసే తీరు కూడా మనకు అనుకూలంగా లేదు. 2004 నాటి నిర్వచనం ప్రకారం తీగ, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్ల కరెంటు ఉండి, 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉంటే చాలు, ఆ గ్రామానికి కరెంటు వచ్చినట్టే. లెక్క రెవెన్యూ గ్రామానిది, గూడేనిది కాదు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని అన్ని గ్రామాలకూ కరెంటు చేరిందని ప్రకటించారు. అది గ్రామాల లెక్క, ఇళ్ల లెక్క కాదు.

ఇక సౌర విద్యుత్తు. మాచ్‌ఖండ్‌కు ఒక్క ఏడాది ముందు, 1954లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికాన్ సౌర ఘటం తయారైంది. మొదట ఉపగ్రహాలకు వాడారు. మన కొండలకు అది ప్రభుత్వ పథకాల ద్వారా చేరింది. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైంది. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్‌లో, చెంచు, కొండరెడ్డి, కోలాం వంటి అతి వెనుకబడిన తెగల కుటుంబాల్లో తీగ చేరని ఇళ్లకు 0.3 కిలోవాట్ సోలార్ ఏర్పాటు ఉంది.

అయితే పథకంతో వచ్చిన దీపాలు కొన్నేళ్లకే ఆరిపోవడం మనం చూస్తున్నాం. పలక కప్పు మీద బాగానే ఉంటుంది. సోలార్ పలక పాతికేళ్ల దాకా పనిచేస్తుంది. లెడ్ బ్యాటరీ మాత్రం జాగ్రత్తగా వాడితే మూడు నుంచి ఐదేళ్లు. అది చచ్చిపోయిన రోజు గూడెంలో దాని సంగతి తెలిసినవాళ్లు లేరు, మార్చడానికి దాచిన పైకం లేదు. వస్తువు ఇచ్చారు, విద్య ఇవ్వలేదు. ఆ విద్య మన యువత నేర్చుకోలేనంత కష్టమైనదేమీ కాదు.

ముందు ఇంటి అవసరం లెక్కవేయాలి. వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, రోజుకు 5 గంటలు వెలిగితే 75. 15 వాట్ల డీసీ ఫ్యాన్ 8 గంటలు తిరిగితే 120. ఫోన్ ఛార్జింగ్‌కు 15. మొత్తం 210. 100 వాట్ల పలక మీద రోజుకు 4 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడితే 400 వస్తుంది. మూడో వంతు నష్టాలకు పోయినా సరిపోతుంది. వానాకాలం మబ్బుల్లో బాగా తగ్గుతుంది, అప్పుడు ఫ్యాన్ ఆపి దీపాలు కాపాడుకోవాలి. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 480 వాట్ అవర్లు పడతాయి. సగానికి మించి వాడకపోతేనే లెడ్ బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది.

పలకను దక్షిణానికి 15 నుంచి 20 డిగ్రీల వాలుతో పెట్టాలి. చింతచెట్టు నీడ కొంచెం పడినా కరెంటు బాగా పడిపోతుంది. ఛార్జ్ కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత పలక కలపాలి. విప్పేటప్పుడు ముందు పలక తీయాలి. బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గరలోనే ఫ్యూజ్ ఉండాలి. నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, వాగు నీళ్లు పోయకూడదు.

చట్టం కూడా మన చేతిలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం, గ్రామసభ సిఫారసుతో, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని విద్యుత్ తీగలకూ సంప్రదాయేతర ఇంధన వనరులకూ ఇవ్వవచ్చు. అడవి అడ్డమని ఎవరైనా అంటే ఈ సెక్షన్ చూపించాలి.

సోలార్ వచ్చింది కదా అని తీగ అడగడం మానకూడదు. మునిగిన భూములకు బదులుగా ఆ కరెంటులో మనకు వాటా ఉంది. తీగ వచ్చేదాకా ఉన్న దీపం ఆరకుండా చూసుకోవాలి. ఉపాధ్యాయులు పై లెక్కను బడిలో గణితం పాఠంగా చెప్పవచ్చు. ప్రతి గూడెంలో ఇద్దరు యువతీ యువకులు మల్టీమీటర్ పట్టడం నేర్చుకోవాలి. నెలకు ఇంటికి కొంత చొప్పున బ్యాటరీ నిధి పోగుచేసి, ఆ లెక్క గ్రామసభలో చదివి వినిపించాలి.